జీపుకీ ఇంటికీ నడుమ

నేను ఒక ఇనుప కొక్కేన్ని. కొక్కెం అనగానే గోడకి చొక్కా తగిలించేదో, నూతిలో పడ్డ చేద తీసేదో అనుకోకండి. ఉన్న ఇల్లు చాలక చక్రాలున్న ఇల్లు ఇంకొకటి చేయించుకుని, దాన్ని జీపు వెనక కట్టుకుని ఊళ్ళు తిరిగే మనుషులు అక్కడొకరు ఇక్కడొకరు ఉంటారు. ఆ జీపుకీ ఆ ఇంటికీ నడుమ ఉండేదాన్ని నేను. ఇంగ్లీషులో నా పేరు బారెడు పొడుగు. నన్ను చేసిన బాజీ మేస్త్రీకి అంత పేరు పలికే ఓపిక లేక "బరువు కొక్కెం" అన్నాడు. నాకూ అదే నచ్చింది.

విజయవాడ ఆటోనగర్లో పుట్టాను. నా ఒళ్ళు, విరగ్గొట్టేసిన ఒక లారీ చట్రంలోంచి వచ్చింది. నా రెండు చేతులూ అదే లారీ కమాను పట్టీల్లోంచి వచ్చాయి. అయితే మొదట్లో నాకు చేతులు లేవు. జీపు వెనక బిగించే ఒక దిమ్మ, దాని మీద నున్నటి ఇనుప గుండు, అంతే నేను. చక్రాల ఇంటి ముందు భాగంలో ఇనుప టోపీ ఒకటుంటుంది. అది వచ్చి నా గుండు మీద కూర్చుంటే పని అయిపోయిందనుకున్నాడు బాజీ.

ఇల్లు చేయించుకున్నాయన భీమవరం పక్కన రొయ్యల చెరువులున్న రంగరాజుగారు. ఆయన జీపు తెచ్చి, ఇల్లు తగిలించి, బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చి, దిగగానే చెమట తుడుచుకున్నారు.

"స్టీరింగు నా చేతిలో ఉందో లేదో తెలీలేదు బాజీ. ముందు చక్రాలు గాల్లో తేలుతున్నట్టున్నాయి" అన్నారు.

బాజీ వెళ్ళి నేల మీద బోర్లా పడుకుని చూశాడు. ఇంటి బరువంతా నా మీద పడి, నాతో పాటు జీపు వెనక భాగం కుంగిపోయింది. ముందు భాగం కప్ప తల ఎత్తినట్టు పైకి లేచింది. వారం పాటు అదే ధ్యాసగా తిరిగి, రెండుసార్లు తప్పు చేసి, మూడోసారి నాకు చేతులు పెట్టాడు. ఆ చేతులు నా దగ్గర మొదలై ఇంటి కిందకి, వెనక్కి సాగుతాయి. వాటి కొసల్ని గొలుసులతో పైకి లాగి ఇంటి చట్రానికి కట్టేస్తే, కమాను వంగినట్టు వంగి బిగుసుకుంటాయి. అప్పుడు నా మీద పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకి, కొంత ఇంటి చక్రాలకి వెళుతుంది. జీపు తల దించుకుని బుద్ధిగా నిలబడుతుంది. బరువు తగ్గదు. ఒకచోటే పడకుండా ఉంటుందంతే.

రంగరాజుగారు ఆ ఇంటితో సూర్యలంక బీచికి ఒకసారి, అహోబిలం ఒకసారి వెళ్ళొచ్చారు. రెండోసారి తిరిగొస్తూ, హోటలైతే పక్కలు వేరేవాళ్ళు వేస్తారు కదా అని వాళ్ళావిడతో అన్నారు. అంతటితో మా ప్రయాణాలు ముగిశాయి. చెరువు గట్టున షెడ్డులో పెట్టి పైన పట్టా కప్పారు. కోళ్ళు లోపల కాపురం పెట్టాయి. మనుషులు ఎంతో మోజుపడి చేయించుకున్న వస్తువుని అంత తొందరగా ఎలా మరిచిపోతారా అని అక్కడే చాలాకాలం ఆలోచించాను. కోళ్ళని అడిగి లాభం లేకపోయింది.

తరవాత మమ్మల్ని జీపుతో సహా కొనుక్కున్నది కాకినాడ దంపతులు. ఆవిడ పేరు కనకరత్నం. ఆడవాళ్ళకి కారు నేర్పే డ్రైవింగ్ స్కూలు నడిపేది. పొట్టి మనిషి. సీటు మీద రెండు దిండ్లు వేసుకుని గానీ జీపు ఎక్కేది కాదు. ఎక్కాక మాత్రం లారీవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆయన పేరు సూర్యచంద్రం. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కంచు గంటలాంటి గొంతు. మనిషి వీధి మలుపు తిరక్కముందే గొంతు ఇంట్లోకి వచ్చేసేది.

నాతో పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు జీపుని వెనక్కి నడపాలి, ఒకరు వెనక నిలబడి దారి చెప్పాలి. నా గుండు సరిగ్గా టోపీ కిందకి రావాలి. బెత్తెడు అటైనా ఇటైనా కుదరదు. ఈ బెత్తెడు దగ్గరే మొగుడూ పెళ్ళాల సంగతి బయటపడుతుంది. నడిపేది రత్నం, చెప్పేది సూర్యచంద్రం.

"రా... రా... రా. కుడి పక్కకి. కుడి, కుడి. నీ కుడి కాదు రత్నం, నా కుడి."

"మీ కుడేదో నాకెలా తెలుద్దండీ? మీరు నాకెదురుగా నిలబడ్డారో, నాతోపాటే తిరిగి నిలబడ్డారో ముందు చెప్పండి."

"ప్రయాణికులకు గమనిక. జీపు ఇప్పుడు డ్రైనేజీ కాలవ వైపు వెళ్ళుచున్నది."

రత్నం బ్రేకు వేసి స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వేది. చుట్టుపక్కల మేడల మీద బట్టలారేసుకునేవాళ్ళు పిట్టగోడ దగ్గరికొచ్చి చూసేవాళ్ళు. పోట్లాడుకుంటూనే నేర్చుకున్నారు. టోపీ గుండు మీద కూర్చున్నాక ఆయన జాకీ తిప్పి, ఇంటి మూతినీ జీపు వెనకనీ కలిపి పైకి లేపేవాడు. నా చేతులు వదులయ్యేవి. అప్పుడు గొలుసులు లాగి, వాటిని పట్టే పిడికి ఇనుప గొట్టం తొడిగి పైకి తిప్పి, పిన్ను గుచ్చేవాడు. జాకీ దించగానే బరువంతా పడి నా చేతులు బిగుసుకునేవి. విడదీసేటప్పుడూ అంతే. ముందు జాకీ ఎత్తి బిగువు తగ్గించాలి, ఆ తరవాతే గొలుసు ముట్టుకోవాలి. జాకీ ఎత్తకుండా గొలుసు వదిలారో, గొట్టం ఎగిరి ఎవరి మొహాన్నైనా పగలగొడుతుంది. కొన్న కొత్తలో మరమ్మతుకి ఆటోనగర్ తీసుకెళ్తే, బాజీ ఈ మాట వాళ్ళిద్దరి చేతా తిరిగి చెప్పించుకున్నాడు.

ఉప్పాడ, దిండి, పాపికొండల అవతల గోదారి ఒడ్డు, అన్నీ తిరిగాం. నాకు అర్థంకానిదొకటుండేది. కాకినాడలో వీళ్ళకి నాలుగు గదుల ఇల్లుంది. అక్కడ ఆయన వరండాలోనూ ఈవిడ వంటింట్లోనూ ఉంటారు. ఈ పెట్టెలాంటి ఇంట్లో ఒకరు పక్క దిగితే గానీ ఇంకొకరు స్టవ్వు వెలిగించలేరు. ఇక్కడికొచ్చాకే ఇద్దరికీ మాటలు దొరుకుతాయి. కిటికీలోంచి పెసరట్ల వాసనా, వాటి వెనకే ఆయన గొంతూ, మధ్య మధ్య ఆవిడ "ఆయ్, తర్వాత?" అనడం వినబడుతుండేవి.

ఒక వేసవిలో ఆ గొంతు బొంగురుపోయింది. మామిడికాయ పచ్చడి పడలేదన్నారు. పచ్చడి మానేశారు. గొంతు బాగుపడలేదు. విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు. ఆ తరవాత చాలా రోజులు ఇంటికి తాళం వేసి ఉంది. మా మీద మళ్ళీ పట్టా పడింది.

తిరిగొచ్చాక పెరట్లోకి వచ్చిన సూర్యచంద్రం మెడ దగ్గర ఒక చిల్లు, దాని మీద తెల్లటి గుడ్డ ఉన్నాయి. ప్రాణం దక్కాలంటే గొంతు వదులుకోవాలన్నారట. వదులుకున్నాడు. ఇప్పుడు ఊపిరి కూడా ఆ గుడ్డ వెనకనుంచే. అంత పెద్ద గొంతు తీసేస్తే దాన్ని ఎక్కడ పెడతారో నాకు తెలియలేదు. మా ఆటోనగర్లో తీసేసిన భాగాన్ని మూలన పడేస్తారు, పదేళ్ళయినా అక్కడే ఉంటుంది.

ఇంట్లో కొత్త వింతలు మొదలయ్యాయి. మాట పోయింది ఆయనకైతే, రత్నం గట్టిగా మాట్లాడడం మొదలెట్టింది, ఆయనకి చెవులు కూడా పోయినట్టు. ఆయన చెప్పదలుచుకున్నది ఫోన్‌లో టైపు చేసేవాడు. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని చదివేసరికి ఆయన కోపం చల్లారిపోయేది, లేకపోతే ఇంకా పెరిగిపోయేది. కొన్నాళ్ళకి టైపు చేయడం మానేశాడు. ఇంకొకటి కూడా గమనించాను. ఆవిడ ఆయనతో మాట్లాడేటప్పుడు గోడనో, తులసికోటనో, నన్నో చూసేది. ఆయన్ని చూసేది కాదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఒకరోజు జగన్నాథపురం నుంచి పేర్రాజు అనే ఆయన వచ్చాడు. చక్రాల ఇంటిని టిఫిన్ బండిగా మార్చాలని ఆయన ఆలోచన. పట్టా తీయించి, కిటికీ దగ్గర నిలబడి, దోసెల పెనం ఎక్కడ పెట్టొచ్చో చేతులతో కొలుచుకుంటున్నాడు. రత్నం పక్కనే నిలబడి, గ్యాసు బండ పెట్టే చోటు కూడా ఉందండీ అని చూపిస్తోంది.

సూర్యచంద్రం పెరట్లోకి వచ్చాడు. పేర్రాజుని చూశాడు, పెనం చోటు చూశాడు. వచ్చి నా పక్కన ఇంటి మూతి ఇనుము మీద కూర్చున్నాడు. మళ్ళీ లేచి, షెడ్డులోంచి గ్రీజు డబ్బా తెచ్చి నా గుండుకి రాయడం మొదలెట్టాడు. నెలల తరబడి ఎండిపోయి ఉన్నానేమో, ఆ చేతి వెచ్చదనం నాకు బాగా గుర్తుంది.

"బాబాయిగారికి ఇష్టం లేనట్టుందండీ" అన్నాడు పేర్రాజు.

"ఆయన ఇష్టం అడిగితే చెప్పే..." అని రత్నం మధ్యలో ఆగిపోయింది. తులసికోట వైపు తిరిగి, "వెనకనుంచి కేకేసే మనిషి లేకుండా ఈ బండి ఎలా తగిలిస్తామండీ? అందుకే అమ్మేద్దామని" అంది.

సూర్యచంద్రం లేచి జీపు తాళాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. తన రెండు కళ్ళకేసీ వేలు చూపించి, జీపు అద్దం కేసి చూపించి, మళ్ళీ తన గుండెల కేసి చూపించాడు. అద్దంలో నన్ను చూడు, అని. అది పేర్రాజుకి కూడా అర్థమైంది. "నేను మళ్ళీ కనబడతానండీ" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

ఆ రోజు తగిలించడం మాటలు కాదు. ఆయన అద్దంలో కనబడేలా నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఈవిడ అద్దంలో చూస్తోంది గానీ, చూపు ఆయన మీద నిలవడం లేదు. ఒక్క క్షణం అటు పోయి వెంటనే కిందకి, నా మీదకి జారుతోంది. గుండు టోపీకి గుద్దుకుంది. ఇంకోసారి ఇంటి మూతిని తోసుకుంటూ పోయి జాకీని కాస్త ఒంగదీసింది. సూర్యచంద్రం వెళ్ళి జీపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టి, "నాకు కనబడట్లేదండీ" అంది. పట్టపగలు, ఎదురుగా మనిషి. కనబడకపోవడమేమిటో నాకు బోధపడలేదు. ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాక కుదిరిందో గానీ, చివరికి కుదిరింది. అది అదృష్టం వల్లేనని ముగ్గురికీ తెలుసు.

అలా మారేడుమిల్లి బయల్దేరాం. గోకవరం దాటాక అడవి గాలి తగిలింది. రంపచోడవరం తరవాత ఎక్కుడు మొదలైంది. మలుపు మలుపుకీ ఇంటి బరువు నన్ను పక్కకి గుంజుతోంది, నా చేతులు దాన్ని పట్టి ఆపుతున్నాయి. లోపల ఆవిడ రోడ్డునే చూస్తోంది, ఆయన్ని కాదు. రేడియో పెట్టలేదు.

మారేడుమిల్లి చేరేసరికి సాయంకాలం. ఏటి పక్కన చదునైన చోటు చూసి ఆగాం. సన్నగా చినుకులు పడుతున్నాయి. రోడ్డు మీద బొంగులో చికెన్ అమ్మేవాళ్ళు దుకాణం కట్టేస్తున్నారు. వర్షం పెద్దదయ్యేలోపు ఇల్లు విడదీసి, జీపులో వెళ్ళి తినడానికేదైనా తేవాలని రత్నం తొందర. సూర్యచంద్రం వెనకాల ఇంటి చక్రాల కింద అడ్డుచెక్కలు పెడుతున్నాడు. విడదీసే పని ఎప్పుడూ ఆయనది. ఆవేళ ఆవిడ చేతిలోకి తీసుకుంది.

పిన్ను లాగేసింది. పిడికి గొట్టం తొడిగింది. జాకీ ముట్టుకోలేదు.

నా చేతులు నిండు బిగువు మీద ఉన్నాయి. నాకు నోరు లేదు. ఉన్నా ఏం లాభం, అక్కడ నోరున్న మనిషి ఆవిడొక్కతే. ఆవిడ రెండు చేతులతో గొట్టం పట్టుకుని కిందికి లాగింది. రాలేదు. కాలు ఆన్చి మళ్ళీ లాగింది. గొట్టానికి సరిగ్గా ఎదురుగా వంగి ఉంది మొహం.

సూర్యచంద్రం తలెత్తి చూశాడు. నోరు తెరిచాడు. నలభై ఏళ్ళు బస్టాండంతా నింపిన నోరది. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఉబ్బి తగ్గింది. చేతిలో ఉన్న చెక్కతో ఇంటి రేకుని దబదబ బాదాడు.

"వస్తున్నానండీ, ఆగండి. ఆకలైతే నాకూ అవుతోంది" అంది రత్నం, ఇటు తిరక్కుండానే.

గొట్టం కదిలింది. సగం దూరం దాకా లాగితే మనిషి బలం, ఆ తరవాత నా బలం. ఆ సగం దాటబోతోంది. ఆవిడకి అప్పుడు తెలిసింది, గొట్టం తను లాగడం లేదని, అదే తనని లాగుతోందని. వదిలేస్తే ఎగురుతుంది, పట్టుకుంటే ఈడ్చుకుపోతుంది. "ఏమండీ" అని ఒక్కసారి పిలిచింది.

ఆయన అప్పటికే వచ్చేశాడు. బురదలో మోకాళ్ళ మీద జారుకుంటూ వచ్చి, గొట్టం కింద భుజం పెట్టాడు. ఆవిడ చేతుల మీద తన చేతులు వేశాడు. ఇద్దరూ కలిసి పైకి తోశారు. నేను వాళ్ళ వైపు లేను, ఎవరి వైపూ లేను, బిగువు ఎటు లాగితే అటే నేను. కానీ ఆ పూట నా కమాను చేతులు కాస్త మెత్తబడితే బావుండునని మొదటిసారి అనిపించింది. మెత్తబడలేదు. వాళ్ళే నెట్టారు. గొట్టంతో పాటు పిడి వెనక్కి వెళ్ళి తన చోట పడింది. ఆయన పిన్ను గుచ్చాడు.

చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరూ లేవలేదు. ఆయన మెడ మీద గుడ్డ పక్కకి జారిపోయింది. ఊపిరి ఆ చిల్లులోంచి గబగబా వచ్చిపోతోంది. వాన నీళ్ళు అందులోకి పోతాయని ఆయన అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అందులోకి నీళ్ళు పోయినా, ఊపిరికి అడ్డుపడినా ఎంత ప్రమాదమో ఆవిడకి తెలుసు, ఆసుపత్రిలో చెప్పారు. ఆవిడ ఆయన చెయ్యి మెల్లగా తీసి, తన కొంగుతో చుట్టూ అద్ది, గుడ్డ సరిచేసి, కొంగు పైన గొడుగులా పట్టింది. అది చేస్తున్నంతసేపూ ఆ చిల్లునే చూస్తోంది. నెలల తరవాత ఆవిడ అక్కడ చూపు నిలపడం నేను చూశాను.

"చూడలేకపోయానండీ" అంది. "అది చూస్తే మీకు ఇంకేదైనా అయిపోద్దేమోనని భయం. మెడ చూడకూడదని మొహమే చూడ్డం మానేశాను. మొహం చూడకపోతే మీరేం చెప్తున్నారో నాకెలా తెలుద్ది?"

ఆయన పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది.

"మళ్ళీ అనండి."

మళ్ళీ అన్నాడు.

"జాకీ, అంటున్నారా?"

తల ఊపాడు. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి. లేచి జాకీ తిప్పింది. జీపు వెనకా ఇంటి మూతీ కలిసి పైకి లేచాయి. నా చేతులు వదులయ్యాయి. ఇప్పుడు గొట్టం చిటికెన వేలికి తిరిగింది.

ఆ సాయంకాలం వాళ్ళకి బొంగులో చికెన్ దొరకలేదు. ఇంట్లో ఉన్న రవ్వతో ఉప్మా చేసుకున్నారు. ఆయనకి జారుగా, ఈవిడకి పొడిగా. కిటికీలోంచి ఆవిడ గొంతే వినబడుతోంది, కానీ చాలాసేపు అరవకుండా, మామూలుగా. మాట్లాడి ఆగుతోంది. ఆగినప్పుడు చూస్తోందని నాకు తెలిసింది. కాసేపటికి "ఆయ్, తర్వాత?" అంది.

తెల్లారి తగిలించేటప్పుడు ఆవిడ అద్దం వంచుకుని ఆయన మొహం దానిలో నిండుగా పడేట్టు సర్దుకుంది. ఆయన అరచెయ్యి చూపిస్తే ఆగింది. వేలు తిప్పితే తిప్పింది. తల ఒక పక్కకి వంచితే, అదేమిటో నాకు తెలియదు, ఆవిడకి తెలిసింది. నా గుండు ఒకేసారి వెళ్ళి టోపీ కింద నిలబడింది.

ఆ తరవాత మేం చాలా తిరిగాం. ఒరిస్సా దాకా వెళ్ళాం, అటు తుంగభద్ర దాకా వెళ్ళాం. వాళ్ళిద్దరి మధ్య సైగలు పెరిగిపోయి, చూసేవాళ్ళకి ఏదో పోట్లాటలా ఉండేది. కొన్నిసార్లు నిజంగానే పోట్లాట. కేకలున్న రోజుల్లో కంటే ఇప్పుడు నేను తక్కువ దెబ్బలు తిన్నాను. చివరికి నా గుండు అరిగి, నా చేతుల్లో బిగువు తగ్గి, ఎక్కుడు రోడ్లకి పనికిరాకుండా పోయాను. బాజీ మేస్త్రీ కొడుకు కొత్త కొక్కెం చేసిచ్చాడు. అది నాకంటే నాజూకుగా ఉంది, రంగు కూడా వేశారు.

నన్ను మాత్రం తుక్కుకి వెయ్యలేదు. డ్రైవింగ్ స్కూలు మైదానంలో ఒక పాత జీపుకి నన్ను బిగించారు. ఎదురుగా చక్రాలున్న ఉత్త ఇనుప చట్రం ఒకటి నిలబెట్టారు. అమ్మాయిలకి బండి వెనక్కి నడపడం దానితో నేర్పుతున్నారు. వెనక నిలబడి నేర్పేది సూర్యచంద్రం. రోజుకి ఎన్నిసార్లు గుద్దుకుంటానో లెక్కలేదు. అరిగిపోయినదాన్ని గనక నొప్పి లేదు.

నిన్న హంసిక అనే కొత్త అమ్మాయి వచ్చింది. రత్నం పక్క సీట్లో కూర్చుంది. ఆ అమ్మాయి స్టీరింగుని పీక పిసికినట్టు పట్టుకుని, కిటికీలోంచి మెడ సాచి, వెనకాల ఎవరైనా కేక వేస్తారేమోనని వింటోంది.

"మేడమ్, సార్ ఏం మాట్లాడరేంటండీ? నేను ఎటు తిప్పాలి?"

"మాట్లాడుతున్నారు కదమ్మా" అంది రత్నం. "తల లోపలికి పెట్టు. అద్దంలోకి చూడు."

అమ్మాయి అద్దంలోకి చూసింది. జీపు మెల్లగా వెనక్కి కదిలింది.